కాగితం మీద నీలం గుర్తు

2003 మే నెలలో ఒక ఆదివారం పొద్దున, విడపనకల్లు దగ్గర రంగన్న చేనులో బోరు బండి పని మొదలుపెట్టింది. ఎక్కడ వేయాలో చూపింది ఒక పటం. దాన్ని గీసింది రంగన్న కొడుకు వీరేష్. గీసింది ఒక ఆట కోసం.

వీరేష్ గుంతకల్లు రైల్వేలో గుమాస్తా. పక్క క్వార్టర్సులో ఉండే స్నేహితురాలు సారా ఇంట్లో నలుగురు చేరి ఆడే ఆట ఒకటుంది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు కథలో మనుషులై పాచికలు వేసుకుంటూ నడుస్తారు. నడవడానికి పటం కావాలి. ఈసారి కథ చెప్పే వంతు వీరేష్‌ది. పటం గీయడం అతనికి కొత్త. గీసినవన్నీ చించేశాడు.

"లేని దేశం గీయల్లని యాల తిప్పలు పడతావప్పా?" అంది సారా. "తెలిసిన చోటు గీయి. గుట్ట, వంక, దారి సరిగ్గా పెట్టు. ఆమీట నిధి యాడన్నా దాచు."

వీరేష్ తమ చేను గీశాడు. గుట్ట, వంక, వేపచెట్టు, ఎండిపోయిన రెండు బోర్లు. కథలో నిధి ఒక పాతాళ బావి అనుకున్నాడు. కాగితంలో కుడివైపు కింద మూల ఖాళీగా ఉంది. అక్కడ బావికి గుర్తుగా నీలం పెన్నుతో సున్న చుట్టాడు. వంక మలుపు సరిచూసుకోవడానికి పటాన్ని ఊరికి తెచ్చి, గూట్లో మరిచిపోయి వెళ్లాడు.

రంగన్నకు చదువు రాదు. తన చేనును మాత్రం కాగితం మీద పోల్చుకున్నాడు. ఆ ఊళ్లో నీళ్ల పాయింట్లు, అంటే బోరు వేసే చోట్లు, చూసే ఆయన కూడా కాగితం మీద నీలం సున్నే చుట్టి ఇచ్చేవాడు.

ఆ ఆదివారం వీరేష్ పటం కోసం వచ్చాడు. కొట్టంలో ఎద్దులు లేవు.

"బోరుకని మీ నాయన అమ్మినాడు," అంది తల్లి నల్లమ్మ. "నువ్వే గదా పాయింటు పెట్టిచ్చింది."

వీరేష్ చేనికి పరిగెత్తాడు. గట్టు మీద పక్క చేను తిప్పయ్య కూర్చుని ఉన్నాడు.

"ఏం వీరేషూ, రైల్వేలో నీళ్లు చూసేది గూడా నేర్పుతాండారా?"

వీరేష్ తండ్రి దగ్గరికి పోయి అరిచాడు. "ఆపు నాయనా. అది ఆట పటం."

"ఆటనా? ఇది మన గుట్ట కాదా? ఇది మన వంక కాదా?"

"అవును."

"మరి నీలం గుర్తు ఈడ ఎందుకు పెడితివి?"

కాగితం అక్కడ ఖాళీగా ఉందని వీరేష్ చెప్పాడు. రంగన్న మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాడు.

"ఆపమంటే ఆపుతాం," అన్నాడు బండి డ్రైవరు. "దిగినంతకు దుడ్లు తీసుకుంటాం."

"ఆపొద్దు, కానియ్యి," అన్నాడు రంగన్న.

మధ్యాహ్నమైనా దుమ్మే వచ్చింది. రంగన్న పటాన్ని కొడుకు ముందు నేల మీద పరిచాడు.

"ఇంకో గుర్తు పెట్టురా. ఈతూరి బాగా ఆలోచన చేసి పెట్టు."

పెన్ను వీరేష్ జేబులోనే ఉంది. తీయలేదు.

పొద్దు గూకక ముందే బోరు బండి విడపనకల్లు దారి పట్టింది. నీళ్లు పడలేదు.