రెండు చుక్కల ఉ

ముద్రలు చెక్కే హిసమత్సు కొట్లో గడియారం మూడుంబావు చూపిస్తోంది. నాలుగింటికల్లా ఎల్విరా చేతిలో, ఇక్కడ సంతకానికి బదులు వేసే పేరు ముద్ర ఉండాలి. పక్కవీధిలో రొట్టెల కొట్టు కోసం ఆమె ఒక గది చూసుకుంది. అద్దె కాగితం మీద ముద్ర పడకపోతే ఇంటావిడ నాలుగు దాటగానే ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

"ఆ స్టాండులో రెండొందల ఇంటిపేర్లకి ముద్రలు తయారుగా ఉన్నాయి. అందులో ఏదో ఒక ఇంటిపేరువాణ్ణి పెళ్లి చేసుకునుంటే ఈ గొడవ ఉండేది కాదు," అన్నాడు హిసమత్సు.

"చూశాను బాబాయ్. ఒక్కడికీ రొట్టె కాల్చే మొహం లేదు."

అతను కాగితం మీద 'ఎరుబిరా' అని రాశాడు.

"బి కాదు, వి."

"మా నోట్లో అది లేదమ్మాయ్. ఈ ఊరొచ్చిన ప్రతి వీ బి కావాల్సిందే."

"మీ అక్షరాల్లో ఉందిగా. అద్దె కాగితంలో నా పేరు చూడండి. ఉ మీద రెండు చుక్కలు, పక్కన బుల్లి ఇ. కలిస్తే వి."

పద్నాలుగో ఏటే బడి మానేసిన హిసమత్సుకి ఆ అక్షరమంటే ఒళ్లు మంట. చదువుకున్నవాళ్ల డాబు కోసం పుట్టిందని అతని నమ్మకం. నలభై రెండేళ్లలో ఒక్కసారీ చెక్కలేదు.

"పై పళ్లు కింది పెదవికి ఆనించి ఊదండి," అంది ఎల్విరా.

తిరగేసిన అక్షరాలు సరిచూసుకునే అద్దంలో తన నోరు చూసుకుంటూ ఊదాడు. రెండోసారికి వచ్చేసింది. యాభై ఆరేళ్ల నోట్లోంచి కొత్త శబ్దం. ఒళ్లు ఝల్లుమంది. ఉలి అందుకుని, బియ్యపు గింజంత చోటులో బుల్లి ఇతో సహా పేరంతా కర్రముక్క మీద చెక్కి, ఎర్రసిరా అద్ది కాగితం మీద నొక్కాడు.

పేరు తిరగబడి పడింది. ఆ సంబరంలో ముద్ర మీద అక్షరాల్ని తిరగేయకుండా తిన్నగా చెక్కేశాడు.

"నవ్వు, పరవాలేదు."

"నవ్వట్లేదు బాబాయ్. మూడూ ముప్పై ఎనిమిది."

చెక్కిన ముఖాన్ని గరుకు కాగితం మీద అరగదీశాడు. కర్ర కాస్త పొట్టిదయింది, అంతే. ఈసారి ప్రతి గీతకీ అద్దంలో చూసుకున్నాడు. మూడూ యాభై నాలుగుకి పేరు సరిగ్గా పడింది. ఎల్విరా ముద్ర లాక్కుని, గొడుగు కూడా వదిలేసి పరిగెత్తింది.

పావుగంటకి రొప్పుతూ వచ్చి కాగితం పరిచింది. ఇంటావిడ ముద్ర పక్కనే ఆమెది. హిసమత్సు భూతద్దం పెట్టి ముందు ఆ బుల్లి ఇ చూశాడు. పళ్లు పెదవికి ఆనించాడు.

"ఎరువిరా."

"రు కాదు బాబాయ్, ల్."

"రోజుకొకటి చాలు. ముందు రొట్టె కాల్చు, పో."