తల తిప్పిన గుడ్డబొమ్మ

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, కాళ్లు చాపుకో. నీకూ నెలలు నిండుతున్నాయి కాబట్టి చెబుతున్నాను.

నేను కాన్పుల వార్డులో ఆయాగా చేసిన రోజులవి. పెద్ద నర్సమ్మ గుడ్డబొమ్మను చేతపట్టి కొత్త తల్లిదండ్రులకు పాఠం చెప్పేది. బొమ్మ తల పక్కకు తిప్పి, చెయ్యి నోటి దగ్గర పెట్టి, “ఆకలంటే ఇదీ. ఏడ్చేదాకా ఆగకండి. ఏడవకుండా నిద్రపోయే బిడ్డనైతే రెండు మూడు గంటలకోసారి లేపి మరీ పాలివ్వాలి” అనేది. ఆ రోజు మూడో గది దంపతులు ఎవరో చుట్టాలొచ్చారని సగంలోనే లేచిపోయారు. ఆ చివరి మాట వాళ్ల చెవిన పడలేదు.

పాఠం అయ్యాక బొమ్మను అలమారులో వెల్లకిలా పడుకోబెట్టాను. మధ్యాహ్నం దుప్పట్ల కోసం తీస్తే దాని తల కుడివైపు తిరిగి ఉంది. సరిచేశాను. ఇంకో దుప్పటికి వస్తే మళ్లీ అటే, పైగా చెయ్యి నోటి మీద. ఈసారి అలమారుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. ఆగలేక వెంటనే తీసి చూశాను. మళ్లీ అటే. అది చూస్తున్న వైపున ఉన్నది మూడో గది ఒక్కటే.

 మళ్లీ తాళం వేసి ఆ గదికి వెళ్లాను.

“మెల్లగా ఆయమ్మా,” అంది తల్లి నవ్వుతూ. “మావాడు బుద్ధిమంతుడు. పొద్దుటి నుంచి కిక్కురుమనలేదు.”

“పాలెప్పుడిచ్చావమ్మా?”

“ఏడిస్తే ఇద్దామని చూస్తున్నా.”

“వాళ్ల తాతగారి పోలిక,” అన్నాడు కుర్చీలో జోగుతున్న తండ్రి. “భోజనానికి పిలిచినా లేవరు.”

“ముందు మీరు లేవండి బాబూ. పరిగెత్తి నర్సమ్మను పిలుచుకు రండి.”

నేను పొత్తిగుడ్డ విప్పాను. రెండు రోజుల పసివాడు. చెయ్యి ఎత్తి వదిలితే నూలు పోగులా వాలిపోయింది. నర్సమ్మ వచ్చి అరికాళ్లు రుద్దింది, డాక్టరమ్మ వచ్చింది. తల్లి పాలు పిండి చెంచాతో చుక్కచుక్కగా పోశారు. గుటక చప్పుడు కోసం గదంతా ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి ఒకటి వినిపించింది. సాయంత్రానికి వాడు గుక్కపట్టి ఏడిస్తే, తల్లి అంతకంటే గట్టిగా ఏడ్చింది.

తాళం తీసి బొమ్మను చూశాను. వెల్లకిలా బుద్ధిగా పడుకుని ఉంది. మూతి దగ్గర గుడ్డ తడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాల వాసన.

ఎవరికీ చెప్పలేదు. ఉతికి ఆరేశాను.

నీ బిడ్డ నెమ్మదిగా పడుకున్న మొదటి రోజున ఇది తలచుకో తల్లీ. గడియారం చూసి లేపు. పక్క మంచం మీద ఇంకో కొత్త తల్లి ఉంటే ఆమెకూ చెప్పు. బొమ్మ సంగతి కూడా వదలకుండా చెప్పు.