హాల్లో పెట్టాల్సిన మిషను

ఇంటికి రంగులు వేయించాలని ఆమె అటక ఖాళీ చేస్తుంటే పాత పరుపుల వెనక నుంచి అత్తగారి కుట్టుమిషను బయటపడింది. అందరికంటే ఎక్కువ సంబరపడింది భర్తే. తుడవడం మాత్రం ఆమె వంతయింది. తుప్పు పట్టిన చక్రానికి నూనె పట్టించి, తొక్కుడు పలక సందుల్లో చిక్కుకున్న దారప్పోగులు పిన్నీసుతో లాగేసరికి ఆదివారం కాస్తా అయిపోయింది.

"పైన గాజుపలక వేయించి హాల్లో పెడదాం. మా అమ్మ ఈ మిషను తొక్కే మమ్మల్ని చదివించింది," అన్నాడతను.

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు కాస్త వణుకుతుంది. పెళ్ళైన కొత్తలో ఆ వణుకు చూసే ఆమె అతన్ని ఇష్టపడింది. రానురాను అదే మాటతో తనను కొలవడం మొదలైంది. జ్వరమొచ్చి పడుకుంటే "మా అమ్మ ఒక్క పూట నడుం వాల్చలేదు" అనేవాడు. ఆఫీసు నుంచి వచ్చి వంటకు ఓపిక లేదంటే "మా అమ్మ మిషను మీంచి లేచొచ్చి వేడివేడిగా వండేది" అనేవాడు. పదహారేళ్ళుగా, కంటితోనైనా చూడని ఆ మిషనుతో పోటీపడి ఆమె ఓడిపోతూనే ఉంది.

మర్నాడు అతను పనికి వెళ్ళాక చూస్తే, అత్తగారు కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, మిషనుకు వీపు పెట్టి కూర్చుని ఉంది.

"ఏ మూల పెడదాం అత్తయ్యా? మీకెక్కడైతే బాగుంటుంది?"

ఆవిడ తల తిప్పి కోడలి వైపు చూసింది. "నన్నడుగుతున్నావా?" అంది. "అయితే నా కళ్ళముందు వద్దమ్మా. ఎవరికైనా ఇచ్చెయ్."

ఎందుకని అడగబోయి ఆమె ఆగిపోయింది. ఈ ఇంట్లో తాను వద్దన్న ప్రతిదానికీ సంజాయిషీ చెప్పుకుంటూనే వచ్చింది. అత్తగారికైనా ఆ బాధ తప్పనీ అనుకుంది. ఆఫీసుకు సెలవు చెప్పి, వీధి చివర అరిగిపోయిన మిషనుతో అవస్థపడే దర్జీ ఆవిడను పిలుచుకొచ్చింది. మధ్యాహ్నానికల్లా మిషను తోపుడుబండి ఎక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం మిషను కనబడక అడిగి, దర్జీ ఆవిడకు ఇచ్చేసిందని విని అతను నిలబడిపోయాడు. "అది మా అమ్మ గుర్తు. ఎవర్నడిగి ఇచ్చావు?"

"నేనే ఇచ్చెయ్యమన్నాన్రా," అంది అత్తగారు. "కూర్చో."

అతను కూర్చోలేదు.

"నీకు ఆరేళ్ళప్పుడు నాకు ఐదో నెల. స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను, సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి. నొప్పి మొదలైంది. లేవబోతే స్టూలంతా రక్తం. మీ నాన్నను కేకేశాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, 'ఇంకా ఎన్నున్నాయి?' అన్నారు."

ఆవిడ కొంగు మోకాళ్ళ మీదికి లాక్కుంది.

"మూడున్నాయన్నాను. ఆ మూడూ కుట్టి ఇచ్చాకే ఆసుపత్రికి వెళ్ళాను."