పగటిపూట పారబోసిన తొక్కలు

వంటమాస్టరు ఓడ దిగి ఇంటికొచ్చి నెలయింది. వచ్చిన దగ్గర్నుంచీ పగటిపూట కూరగాయల తొక్కలు గడప దాటనివ్వడం లేదు. సంచిలో మూటకట్టి, చీకటి పడేదాకా తలుపు వెనక దాస్తున్నాడు. "ఈయన తలకేమైనా దెబ్బ తగిలిందా ఏమిటి?" అని భార్య మొదట్లో నవ్వింది. తరవాత నవ్వడం మానేసింది.

యుద్ధకాలంలో సరుకు ఓడలకి ఒక నియమం ఉంది. వంటగది చెత్త పొద్దుగుంకాకే సముద్రంలో వెయ్యాలి. పగలు వేస్తే, తేలే తొక్కలు ఓడ పోయిన దారిని శత్రువుల జలాంతర్గామికి పట్టిస్తాయి. రాత్రి వేస్తే తెల్లారేసరికి ఓడ అందనంత దూరం పోయి ఉంటుంది. చెప్పడానికి బాగానే ఉంది. ఎండకి కుళ్లి కంపుకొట్టే డబ్బాలతో సాయంత్రందాకా కాపురం చేసేది వంటవాడు గాని, నియమం రాసిన దొర కాదు కదా! మన వంటమాస్టరు మధ్యాహ్నమే ఎవరూ చూడకుండా అన్నీ గుమ్మరించి ఓ కునుకు తీసేవాడు. ఇరవై ప్రయాణాల్లో ఏమీ కాలేదు. కాకపోయేసరికి అదో తెలివి అనుకున్నాడు. బావమరిదికి వేరే ఓడలో వంటపని ఇప్పించినప్పుడు ఆ తెలివి కూడా చెవిలో ఊది పంపాడు.

ఆ ఓడని జలాంతర్గామి ముంచేసింది. బావమరిది తిరిగి రాలేదు. బతికొచ్చిన ఇద్దరిలో ఒకడు చెప్పాడు, ముందురోజు పగలంతా ఓడ వెనక ఉల్లితొక్కలు బారులు తీరి కనబడ్డాయని. అప్పట్నుంచి ఇతనికి ముద్ద దిగడం లేదు. అవి పక్క ఓడవాళ్లు వేసినవై ఉండాలని, బావమరిది తన మాట చెవిన పెట్టి ఉండకూడదని రోజూ మొక్కుకుంటున్నాడు.

ఓ మధ్యాహ్నం అత్తగారు ఉత్తరం పట్టుకొచ్చింది. కొడుకు ఆఖరి రేవులో వేసింది, ఎక్కడెక్కడో తిరిగి ఇప్పటికి చేరింది. ఆమెకి చూపు ఆనదు. కూతురు చదివింది.

"'అమ్మా, పని తేలిగ్గానే ఉంది. బావ చెప్పిన కిటుకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మధ్యాహ్నానికల్లా చేతులు కడిగేసుకుని పడుకుంటున్నా. ఈ సంగతి బావకి చెప్పు.'"

అత్తగారు కళ్లు ఒత్తుకుంది. "పోయేముందు నా బండోడు కంటినిండా నిద్రయినా పోయాడు. నీ చలవే అల్లుడూ. ఇంతకీ ఏం కిటుకయ్యా అది?"

అబద్ధం నాలుక చివరే ఉంది. కత్తి తడిపి కోస్తే ఉల్లిపాయ కళ్లు మండించదని ఏదో ఒకటి అనేస్తే సరిపోయేది. ముసలామె తృప్తిగా ఇంటికి పోయేది. అతను లేచి తలుపు వెనక సంచి తెచ్చి ఆమె ముందు విప్పాడు.

"వీటిని పగలే పారబొయ్యమన్నానత్తయ్యా. చీకటిదాకా ఆగక్కర్లేదన్నాను. అలా చెయ్యకూడదని తెలిసే చెప్పాను. వీటి వెనకాలే వచ్చారు వాళ్లు."

అత్తగారు వంగి, ఆ ఎండిన తొక్కల్ని చాలాసేపు చేత్తో తడిమింది.

"వీటికేనా?" అంది.

"వీటికే."

ఆమె కూతురి చేతిలోంచి ఉత్తరం తీసుకుని, మడతలు చూసుకుంటూ మడిచి, కొంగున ముడేసుకుంది.

"బావకి చెప్పమన్నాడు వాడు," అంది లేస్తూ. "చెప్పాను."