వేడిగాలి పంతం

కారు హీటరు చల్లగాలి కొడుతున్న సంగతి కూతురి చెవిన పడకూడదని టైలరు తాత నానా తంటాలూ పడ్డాడు. పెళ్ళాం నోట్లో నువ్వుగింజ నానితే కదా! పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను.

"నాన్నా, అమ్మ అంతా చెప్పింది. ఈ చలిలో పసిదాన్ని అందులో ఎలా తెస్తావు? మామయ్యగారు కారు తెస్తామన్నారు. సాయంత్రం వాళ్ళతో వచ్చేస్తాం."

"సాయంత్రానికి బాగుచేస్తానే తల్లీ!"

"చేస్తే సరే. లేకపోతే మామయ్యగారి కారే."

ఆయన మనసు చివుక్కుమంది. కూతురు పుట్టినప్పుడు చేతిలో కారు లేక ఎవరిదో సరుకుల వ్యానులో, బస్తాల మధ్య తెచ్చుకున్నాడు. మనవరాలినైనా సొంత కారులో తెచ్చుకోవాలని ఆయన ఆశ. పాప పుట్టి రెండు రోజులైనా కాలేదు, వీధి వీధంతా అప్పుడే 'టైలరు తాత' అని పిలుస్తోంది. ఆ తాతగిరీకి తొలి పరీక్ష ఇదే. పైగా వియ్యంకుడు ఫర్నిచరు షాపు ఆసామి, కొత్త కారు కొన్న దగ్గర్నుంచీ ఆయన నోట మరో ముచ్చట లేదు.

నిజానికి వారం కిందట హీటరు గాలి గోరువెచ్చగానైనా వచ్చేది. ఇంజను వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ పోయిందని మెకానిక్ చెబితే, ఆ మాత్రం నేను బిగించుకోలేనా అని తాత రేడియేటరులో పాత నీళ్ళు వదిలేసి, కొత్తది బిగించి, ఇంజను చుట్టూ తిరిగే కూలెంటు నీళ్ళు పోశాడు. అప్పటినుంచి ఉన్నదీ పోయింది. మెకానిక్ ఇప్పుడు, హీటరు లోపల పూడుకుపోయి ఉంటుంది, డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి, రెండు రోజులు పడుతుంది అంటున్నాడు.

తాత ఇంజను వేడెక్కించి బానెట్ ఎత్తాడు. ఇంజను వేడినీళ్ళు హీటరుకు పోయి వచ్చే గొట్టాలు రెండు. ఒకటి ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. రెండోది కుళాయి నీళ్ళంత చల్లగా ఉంది. అంటే వేడినీళ్ళు గుమ్మం దాకా వచ్చి, లోపలికి పోవడం లేదు.

"మలుపు తిరిగినప్పుడల్లా ఆ గుడగుడేంటో చూడండంటే వినరు కదా," అంది వంటింట్లోంచి ఆవిడ.

"నీకన్నీ గుడగుడలే!" అని విసుక్కుంటూ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

సాయంత్రం కూతురు వచ్చాక నడుముకు కాపడం పెట్టడానికి పనికొస్తుందో లేదోనని ఆవిడ రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోసి చూస్తోంది. సంచి ఒక పక్కకు ఒరిగి ఉంది. సగమైనా నిండకముందే నీళ్ళు మూతిలోంచి వెనక్కి పొంగాయి. "గాలి పట్టేసింది దీనికి," అంటూ మూతి పైకెత్తి, పొట్ట మెల్లగా నొక్కింది. బుడుక్కుమని గాలి పోయింది. మిగతా నీళ్ళు నిమ్మళంగా దిగాయి.

తాత తడిచేతులతో అలాగే నిలబడిపోయాడు.

వాళ్ళ వీధి ఏటవాలు. కారును ముక్కు పల్లానికి పెట్టి నిలపడం ఆయన ఏళ్ళనాటి అలవాటు. బ్యాటరీ మొండికేస్తే బ్రేకు వదిలితే చాలు, దొర్లుతూ స్టార్టవుతుంది. కూలెంటు పోసిందీ అలా ఉండగానే. రేడియేటరు మూత కిందికి, హీటరు పైకి! గాలి పోయి హీటరులో కూర్చుంది. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని.

"నీ గుడగుడే కరెక్టు!" అని అరుస్తూ పరిగెత్తాడు.

కారు తిప్పి ముక్కు ఎత్తుకు పెట్టాడు. వేడి మీద మూత తీస్తే నీళ్ళు మొహాన చిమ్ముతాయి కాబట్టి ఇంజను చల్లారేదాకా ఆగాలి. సరిగ్గా అప్పుడే గోరుచుట్టు మీద రోకటిపోటులా వియ్యంకుడు కొత్త కారులోంచి దిగాడు.

"ఏంటి బావగారూ, చల్లారబెడుతున్నారా? అది ముందే చల్లగా ఉంది కదండీ!"

"కాసేపు ఆగండి బావగారూ. మీ చేత్తోనే చూద్దురుగాని."

చల్లారాక తాత మూత తీసి, ఇంజను వేసి, హీటరు పూర్తిగా తిప్పాడు. మొదట ఏమీ లేదు. వియ్యంకుడు వాచీ చూసుకున్నాడు. అంతలో మూతి దగ్గర ఒక బుడగ. తర్వాత నాలుగు. ఆపైన బుడబుడమంటూ వరస. కూలెంటు సర్రున దిగింది. తాత పోశాడు, మళ్ళీ దిగింది, మళ్ళీ పోశాడు. బుడగలు ఆగాక మూత బిగించి గొట్టాలు పట్టుకున్నాడు. రెండూ చుర్రుమన్నాయి! చెయ్యి కాలినందుకు అంత మురిసిన మనిషిని ఆ వీధి చూసి ఉండదు.

"ఇప్పుడు పెట్టండి చెయ్యి!"

వియ్యంకుడు హీటరు ముందు అరచెయ్యి పెట్టాడు. ఒక్క క్షణంలో వెనక్కి లాక్కున్నాడు.

"అబ్బో, బాగానే కొడుతోందండోయ్," అని, ఆ వెచ్చదనం వదల్లేక ముందు సీట్లోనే కూర్చుండిపోయాడు. కొత్త కారు అక్కడే ఉండిపోయింది.

సాయంత్రం వెనక సీట్లో కూతురు, ఆమె ఒళ్ళో దుప్పట్లో చుట్టిన పాప, పక్కన అమ్మమ్మ. తాత మెల్లగా నడుపుతున్నాడు. రెండు వీధులు దాటారో లేదో, వెనకనుంచి కూతురి గొంతు.

"నాన్నా, కొంచెం తగ్గించు. పాపకి చెమట పడుతోంది."

తాతకు స్పష్టంగానే వినపడింది. అయినా పక్క సీట్లోని వియ్యంకుడి వైపు ఓరగా చూసి, "ఏంటమ్మా? కాస్త గట్టిగా చెప్పు," అన్నాడు.

"పాపకి చెమట పడుతోంది నాన్నా!"