చిల్లు పడని డబ్బా

మెకానిక్ షహాత కొత్త నూనె డబ్బా ఒకటి టాక్సీ ఇంజన్‌లో వంపాడు. కైరోలో టాక్సీ నడుపుకొనే వగీహా ఇంజన్ ఇంకా తిప్పలేదు. ఖాళీ డబ్బాకు చిల్లు పొడవవలసినది బండి యజమానే; లేకపోతే అందులో కాలిన నూనె నింపి మళ్లీ అమ్ముతారు.

"ఉస్తా, డబ్బా ఇటివ్వు," అని ఆమె మేస్త్రీని అడిగింది.

షహాత దాన్ని చంకలో ఇరికించుకొని, పెద్దావిడను పిలిచే మర్యాదతో అన్నాడు: "నేనే పారేస్తాలే హజ్జా. నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం దేవుడి మీద. డబ్బా ఇవ్వు."

ఈ ఇంజన్ పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. డబ్బా లాక్కొని అరచేతిలోకి వంచింది. చుక్కలు నల్లగా, మాడు వాసనతో జారాయి.

"పోసిన కాలిన నూనంతా బయటికి తీసెయ్, దొంగా!"

ఆ కేక విని, షహాత దగ్గర నూనె మార్పించుకోవడానికి వరుసలో వేచివున్న డ్రైవర్లందరూ బండ్లు దిగారు.