ఎస్తేరు చెవి

ట్రేలో పెంట దులిపి, కొత్త గడ్డి పరుస్తా రూపవతి కుందేలుతో మాట్లాడతానే ఉంది. "కాస్త ఓర్చుకో ఎస్తేరూ. సాయంత్రానికి మనింట్లో ఉంటావ్."

కెనడాలోని గ్వెల్ఫ్ ఊళ్లో మొటిమల క్రీములు పరీక్ష చేసే ల్యాబు అది. కుందేళ్లని చూసుకునే పని రూపవతిది. ఆ ఏడాది చదువులకని మన పిల్లలు ఎంతమంది దిగారంటే, బస్సులో ఒకడు తుమ్మితే ముందు సీటు నుంచి వెనక సీటుదాకా "చిరంజీవ" అనేవాళ్లే. వాళ్లలో కొందరు రూపవతి బేస్‌మెంటులో అద్దెకుండేవాళ్లు. చలికి మడమ పగిలినా, పెదవి చిట్లినా ఆవిడది ఒకటే వైద్యం, కొబ్బరినూనె. ఆవిడ రాస్తే నడిచెళ్లిన మంచుమీద కూడా మెరుపు వచ్చేదని నవ్వుకునేవాళ్లు.

ల్యాబులో కుందేళ్ల చెవుల్లో జిడ్డు మందేదో రాసి మొటిమల్లాంటి గింజలు లేపుతారు. వాటిమీద క్రీము రాస్తారు. తగ్గిందో లేదో చెవి కోసి చూస్తారు. అంతకు ముందే సూదేసి ప్రాణం తీస్తారు. ఎస్తేరుకి మాత్రం ఏమీ రాయరు, మిగతావాటితో పోల్చుకోడానికి. దాని చెవి శుభ్రంగా ఉంటే పెంచుకోడానికిస్తామన్నారు రూపవతికి. ఇవాళే ఆ రోజు.

ఆవిడకి పైఆఫీసరు మృదుల, హైదరాబాదు పిల్ల, భూతద్దం పెట్టి చెవి చూసి ఆగిపోయింది.

"ఆంటీ, దీనికి గింజలెట్లొచ్చినయ్? ఏం రాయలే కదా!"

"చెవి ఎండిపోయి పొట్టు రాలతంటే కాస్త కొబ్బరినూనె రాశానమ్మా. మందు కాదుగా, నూనేగా!"

మృదుల తల పట్టుకుంది. "గింజలు లేపనీకి మేం రాసేది కూడా అసొంటి జిడ్డే ఆంటీ. ఇప్పుడు దీన్ని కూడా కోసి చూడాలె. ఇంటికి ఇయ్యలేం."

రూపవతి తన చెవి ముందుకు పెట్టింది. "నేనూ అదే నూనె రాసుకున్నా తల్లీ. నాది కోసి చూడండి."

మృదుల కళ్లు తుడుచుకుని సూది సిద్ధం చేసింది.

సూది వేసేటప్పుడు పట్టుకునేది ఎప్పుడూ రూపవతే. ఆవిడ చేతుల్లో ఏ కుందేలూ కాలు విదిలించదు. ఎస్తేరు ఆవిడ మోచేతి మడతలో ముక్కు దూర్చింది, బయల్దేరామనుకుందో ఏమో. కాసేపటికి ఒళ్లో బరువు కొంచెం పెరిగినట్టయింది. అంతే.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి లైట్లు వెలిగున్నాయి. మెట్ల కింద, బేస్‌మెంటు పిల్లలు అరటిపళ్ల అట్టపెట్టెకి గుండ్రంగా గుమ్మం కోసి, లోపల మెత్తటి తువ్వాలు మడిచి పెట్టారు. ఆ గుమ్మం ముందు చిన్న గిన్నెలో, అప్పుడే పోసిన నీళ్లు ఇంకా కదుల్తా ఉన్నాయి.